పాట చివర పేరు

మా యింట్లో పాటల లెక్క తేలలేదు. మొత్తం వున్నవి 612. అందులో బాలమురళీకృష్ణగారు పాడినవి ఎన్నని కంప్యూటర్ని అడిగితే 97 అంది. సరే, బాలమురళిగారు కాక తక్కినవాళ్లు పాడినవి ఎన్నని అడిగాను. 504 అంది. రెండూ కలిపితే 601. మరి మిగిలిన పదకొండూ ఏమైనట్టు?

నా చిన్నతనంలో మా అమ్మ ప్రతి ఆదివారం చాకలిపద్దు రాసేది. ఒక్క జేబురుమాలు తక్కువొచ్చినా, అది దొరికేదాకా చాకలి ముసలమ్మని గుమ్మం కదలనిచ్చేది కాదు. ఆ తల్లి కడుపున పుట్టినదాన్ని, పదకొండు పాటలు తక్కువొస్తే వూరుకుంటానా? "నీ కంప్యూటరుకి కూడికలు రావురా!" అని మా అబ్బాయిని నిలదీశాను. వాడు నవ్వి, "దానికి కూడికలు వచ్చమ్మా. నీ పట్టికలోనే వుంది కిటుకు" అన్నాడు.

ఆ కిటుకేమిటో తెలుసుకోబోయి ఎక్కడెక్కడికో వెళ్లి వచ్చాను. తిరుమల వెళ్లాను, తంజావూరు వెళ్లాను, కలకత్తా వెళ్లాను, చివరికి మా పెదనాన్నగారింటి అటక మీదికి వెళ్లాను. టిక్కెట్టు కొనకుండా, పుస్తకాల్లోనూ ఫోన్లోనూ అనుకోండి!

అసలు సంగతి ఇది. నాన్నగారు పోయాక ఆయన క్యాసెట్ల పెట్టె నా వాటాకి వచ్చింది. పొలం అన్నయ్యలు పంచుకున్నారు, క్యాసెట్లు ఎవరూ అడగలేదు. అందులో కొన్ని కొన్నవి, చాలా మట్టుకు రేడియో దగ్గర కూర్చుని ఆయన పట్టుకున్నవి, కొన్ని పెళ్లిళ్లలో, పేరంటాల్లో మా యింటివాళ్లే పాడినవి. టేపు బూజు పట్టకముందే అన్నింటినీ కంప్యూటర్లోకి ఎక్కించాం. ఎక్కించాక చూద్దునుగదా, ఏ పాట చూసినా ఒకటే పేరు: ట్రాక్ 01, ట్రాక్ 02, ట్రాక్ 03. ఊళ్లోవాళ్లందరికీ ఒకే పేరు పెట్టినట్టుంది. తోడి కావాలంటే తోడి దొరకదు. పెట్టెలో వున్నప్పుడు కనీసం నాన్నగారి చేతిరాత అట్టమీద వుండేది. లోపలికి పాట వెళ్లింది, అట్ట బయటే వుండిపోయింది.

పాట వేరు, పాట పేరు వేరు. ఆ రెండింటినీ కలిపి కట్టి వుంచడం ఎలాగన్న బెంగ కంప్యూటర్లతో పుట్టింది కాదు. మన వాగ్గేయకారులకి ఎప్పుడో వుంది.

త్యాగరాజస్వామి కీర్తన ఏదైనా తలుచుకోండి. చివరి చరణంలో ఆయన పేరు వచ్చి తీరుతుంది. ముత్తుస్వామి దీక్షితులవారు "గురుగుహ" అంటారు. శ్యామశాస్త్రిగారు "శ్యామకృష్ణ" అంటారు. క్షేత్రయ్య పదం అయితే మువ్వగోపాలుడు పలకరిస్తాడు. అన్నమయ్య తన పేరుకి బదులు వేంకటేశ్వరుడి పేరు పెట్టాడు. దీన్నే ముద్ర అంటారు. చిన్నప్పుడు సంగీతం పంతులుగారు చెబితే ఇదేదో భక్తి కాబోలు అనుకున్నాను. భక్తి వుంది, కాదనను. కాని దాంతోబాటు ఎంత జాగ్రత్త వుందో ఇప్పుడు తెలిసింది. తాటాకు చిరిగిపోతుంది, పై ఆకు వూడిపోతుంది. నోటి పాటకి అసలు ఆకే లేదాయె! పాటలోనే పేరు పెట్టి కుట్టేస్తే, పాట నోటికి వచ్చినవాడికి పేరు కూడా నోటికి వస్తుంది. ఎవరైనా కాజేసి తనదని చెప్పుకుందామన్నా ఆ పేరు తీస్తే తాళం తప్పుతుంది. దీక్షితులవారైతే కొన్ని కృతుల్లో రాగం పేరు కూడా సాహిత్యంలోనే ఇమిడ్చారు. ఇక ఎవరినీ అడిగే పని లేదు.

పేరు సరే, వెతుక్కోవడమో? దానికీ మనవాళ్లు ఒక ఉపాయం చేశారు. ఇది చదివినప్పుడు మా అబ్బాయి కూడా కాసేపు మాట్లాడలేదు.

17వ శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి "చతుర్దండి ప్రకాశిక" అనే గ్రంథం రాశాడు. ఏడు స్వరాలూ, వాటి భేదాలూ ఎన్ని విధాల కలపవచ్చునో లెక్కకట్టి, 72 మేళాలు వస్తాయని తేల్చాడు. ఆనాడు వాడుకలో వున్నవి అందులో 19 మాత్రమే. తక్కినవి ఖాళీ గళ్లు. ఎప్పుడో ఎవరో పాడతారని ముందే గళ్లు గీసి పెట్టాడు మహానుభావుడు! ఆ తరవాతి వాళ్లు ఈ మేళాలకి పేర్లు పెట్టేటప్పుడు కటపయాది సంఖ్య వాడారు. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క అంకె వుంటుంది. రాగం పేరులో మొదటి రెండక్షరాలకి అంకెలు వేసి, తిరగేస్తే మేళం నెంబరు వస్తుంది. శంకరాభరణానికి ముందు "ధీర" ఎందుకు వచ్చిందనుకున్నారు? ధ అంటే 9, ర అంటే 2. తిరగేస్తే 29. శంకరాభరణం 29వ మేళం. కల్యాణికి ముందు "మేచ" కూడా అంతే. మ అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65. ఇంటిపేరు తగిలించినట్టు తగిలించారన్న మాట. ఇంటిపేరు వింటే ఏ వీధిలో ఎన్నో గుమ్మమో తెలిసిపోతుంది. నెంబరు తెలిస్తే అందులో వుండే స్వరాలేమిటో కాగితం అవసరం లేకుండా కట్టుకోవచ్చు. కంప్యూటరు వాళ్లు దీన్నే ఇంగ్లీషులో "కీ" అంటారు, తాళంచెవి అని. మనవాళ్లు తాళంచెవిని పేరుకే ముడివేసి కొంగున కట్టారు.

అయితే ఎంత మంచి చీటీ అయినా చీటీయే. చీటీ మిగిలి సరుకు పోయిన కథ కూడా మన దగ్గరే వుంది. తాళ్లపాకవారి సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద చెక్కించి, ఒక చిన్న అరలో దాచారు. అన్నమయ్య కొడుకు పెదతిరుమలయ్య కాలంలో జరిగిన పని అది. కొన్ని వందల ఏళ్లు ఆ అరలో అలాగే వుండి, ఇరవయ్యో శతాబ్దంలో వెలుగు చూశాయి. 12,000 పైచిలుకు సంకీర్తనలు! వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి పెద్దలు వాటిని చదివి, పరిష్కరించి లోకానికిచ్చారు. ప్రతి పాట మీదా రాగం పేరు చెక్కి వుంది. కాని స్వరం లేదు. ముఖారిపంతు అని వుంటుంది, కొండమలహరి అని వుంటుంది. అవి ఆనాడు ఎలా పాడేవారో చెప్పే నోరు లేదు. ఇవాళ మనం వింటున్న అన్నమయ్య పాటల వరసలు చాలా మట్టుకు మన కాలపు విద్వాంసులు కట్టినవే. డబ్బా మీద ఆవకాయ అని రాసుంది, మూత తీస్తే ఖాళీ. నా బాధ దీనికి తిరగబడింది. నా దగ్గర జాడీల నిండా వూరగాయ వుంది, ఏది మాగాయో ఏది ఆవకాయో రాసిలేదు.

సరుకూ చీటీ రెండూ కలిపి దాచినవాడు సుబ్బరామ దీక్షితులుగారు. ముత్తుస్వామి దీక్షితులవారి కుటుంబంలోని వారే. తమిళదేశంలో ఎట్టయాపురంలో వుండి, 1904లో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అచ్చువేశారు. అదంతా తెలుగులో రాశారు! కుటుంబంలో దాచుకున్న విద్యని అచ్చులో పెట్టించడానికి చిన్నస్వామి మొదలియారుగారనే ఆయన పడ్డ పాట్లు అన్నీ యిన్నీ కావు. ఎట్టయాపురం రాజావారి చేత చెప్పించి ఒప్పించారట. 72 మేళాల వరసలో పెట్టి, ఒక్కొక్క మేళం కింద దాని రాగాలు, రాగం కింద లక్షణం, దాని కింద గీతం, కీర్తన, గమకాల గుర్తులతో సహా స్వరం. మేళం తెలిస్తే రాగం దొరుకుతుంది, రాగం తెలిస్తే పాట దొరుకుతుంది. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులే అందులో రెండువందలకు పైగా వున్నాయి. ఆ గమకాల గుర్తులు అచ్చులో పడాలంటే మామూలు తెలుగు అచ్చు అక్షరాలు ఏ మూలకి?

అదే రోజుల్లో కలకత్తాలో ఇంకో రకం చీటీ తయారైంది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన పెట్టెలు మోసుకుని వచ్చి, హోటలు గదిలో మన పాటలు మైనం పలకల మీద పట్టాడు. పాడినవాళ్లలో పేరు మోసినావిడ గౌహర్ జాన్. రికార్డుకి వుండేది రెండు మూడు నిమిషాలు. గంటసేపు పాడే రాగాన్ని ఆవిడ అందులో ఇరికించి, చివర ఒక్క క్షణం మిగుల్చుకుని, ఇంగ్లీషులో గట్టిగా తన పేరు చెప్పేది. ఎందుకు? ఆ మైనం పలకలు ఓడెక్కి జర్మనీలో హానోవర్ వెళ్లేవి. అక్కడ రికార్డు ముద్ర వేసేవాడికి హిందూస్తానీ రాదు. ఏ పలక ఎవరిదో తెలిసి, మీద సరైన కాగితం అతికించాలంటే పాట చివర పేరు వినపడాలి. అలహాబాదు జానకీబాయి అయితే పేరుతోబాటు వూరు కూడా చెప్పేది.

మొదట చదివినప్పుడు నవ్వొచ్చింది నాకు. రెండోసారి నవ్వు రాలేదు. మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు నలుగురిలో నోరు విప్పి పాడని రోజులు. పాడేవాళ్లకి ఊళ్లో ఏ మర్యాద వుండేదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఆడది ఏడు సముద్రాల అవతల వున్న గుమాస్తాకి తన పేరు తనే చెప్పుకుంది. గుమాస్తా కోసం చెప్పినా, నూట ఇరవై ఏళ్లు దాటాక నేను నా వంటింట్లో వింటున్నాను. త్యాగయ్యగారు చివరి చరణంలో చేసిన పనీ ఇదే గదా!

పేరు చెప్పుకోని వాళ్ల గతి ఏమైందో సినిమా రికార్డులు చెబుతాయి. 1949లో "మహల్" సినిమా వచ్చింది. అందులో మధుబాల పాత్ర పేరు కామిని. లతా మంగేష్కర్ పాడిన పాట దేశాన్ని ఊపేసింది. రికార్డు మీద గాయని పేరేమని అచ్చయిందో తెలుసా? కామిని! లేని మనిషి పేరు! పాడిన మనిషి పేరు లేదు. ఎవరీ గాయని అని శ్రోతలు రేడియోకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే గాని లత పేరు బయటికి రాలేదు. అంతటి ఆవిడకే అలా జరిగితే, తక్కినవాళ్ల సంగతి అడగాలా?

తరవాత 1982లో సీడీలు వచ్చాయి. గీత పడదు, అరగదు, శుభ్రంగా వినిపిస్తుంది అని అందరూ మురిశారు. అంత తెలివైన పళ్లెం తయారుచేసినవాళ్లు అందులో పాట పేరు రాయడం మరిచిపోయారు. ఎన్ని పాటలు, ఏది ఎక్కడ మొదలవుతుంది — ఇంతవరకే దానికి తెలుసు. పేర్లన్నీ అట్ట మీదే. కంప్యూటర్లో సీడీ పెడితే ట్రాక్ 01, ట్రాక్ 02 అని కనిపించేది అందుకే. 1990ల నడుమ టీ కాన్ అనే ప్రోగ్రామరు, అతని స్నేహితుడు స్టీవ్ షెర్ఫ్ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. ఏ రెండు సీడీలకీ పాటల నిడివి అచ్చంగా ఒకేలా వుండదు గదా. ఎన్ని పాటలు, ఏది ఎన్నో సెకనులో మొదలైంది, మొత్తం ఎంతసేపు — ఈ మూడూ కలిపి లెక్కగడితే సీడీకి ఒక వేలిముద్ర వస్తుంది. (అప్పుడప్పుడు రెండు సీడీలకి ఒకే వేలిముద్ర వచ్చేది, అది వేరే సంగతి.) ఆ ముద్ర పక్కన ఎవరో ఒకరు ఒక్కసారి పాటల పేర్లు టైపు చేస్తే చాలు, ప్రపంచంలో ఇంకెవరు ఆ సీడీ పెట్టినా పేర్లు వాటంతటవే వస్తాయి. దీన్ని సీడీడీబీ అన్నారు. వేలమంది తమ ఇళ్లలో కూర్చుని, తమ సీడీల పేర్లు వూరికే టైపు చేసి పంపారు. పేరంటానికి తలా ఒక పిండివంట తెచ్చినట్టు.

ఆ తరవాత పేరంటం కాస్తా హోటలయింది. సీడీడీబీ చేతులు మారి వ్యాపార సంస్థ అయింది. 2000లో గ్రేస్‌నోట్ అని పేరు పెట్టుకుంది, 2008లో సోనీ కంపెనీ దాన్ని 26 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. వూరికే టైపు చేసి యిచ్చిన వాళ్లకి ఒళ్లు మండదూ? మండింది కనుకనే కొందరు ఫ్రీడీబీ అని వేరుకుంపటి పెట్టారు. అది 2020లో మూతపడింది. రాబర్ట్ కే అనే ఆయన 2000లో మ్యూజిక్‌బ్రెయిన్జ్ మొదలుపెట్టాడు. ఇది ఎవరూ కొనుక్కుపోవడానికి వీల్లేకుండా, అందరి సొత్తుగా వుండాలని ఏర్పాటు. అందులో ప్రతి గాయకుడికీ ఒక నెంబరు వుంటుంది. పేరు ఎన్ని రకాలుగా రాసినా మనిషి మారడు. త్యాగరాజు, త్యాగయ్య, త్యాగబ్రహ్మం — ఎలా అడిగినా ఒకే గుమ్మానికి తీసికెళుతుంది. స్పెయిన్‌లో బార్సిలోనా విశ్వవిద్యాలయం ఒకటి మన కర్ణాటక సంగీతం మీద పరిశోధనకి పూనుకున్నప్పుడు రాగం, తాళం, కర్త, గాయకుల వివరాలు ఇందులోనే చేర్చుకుంటూ పోయింది.

నా ట్రాక్ 01ల సంగతికి వద్దాం. ఎంపీ3 అనే పాటల రకంలో పేరు కూడా పాటలోనే పెట్టే ఏర్పాటు 1996లో వచ్చింది. ఎరిక్ కెంప్ అనే ఆయన ఆలోచన. పాట అంతా అయిపోయాక చిట్టచివర 128 అక్షరాల చోటు వుంచి, అందులో పాట పేరుకి 30, గాయకుడికి 30, ఆల్బముకి 30, సంవత్సరానికి 4, ఇలా పంచాడు. చిట్టచివర అంటే ఎందుకంటే, పాత యంత్రాలు పాట పాడుకుంటూ పోతుంటే మధ్యలో ఈ అక్షరాలు అడ్డం రాకుండా. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చివరి చరణం! త్యాగరాజస్వామి పెట్టినచోటే, గౌహర్ జాన్ పలికినచోటే ఈయనా పెట్టాడు. ఈ మూడూ ఒకరి నించి ఒకరు నేర్చుకున్నవి కావు. పాటకి పేరు అడ్డం రాకూడదు, పాటని విడిచి పోనూ కూడదు. ఆ రెండూ కుదిరే చోటు అదొక్కటే కాబోలు.

ఆ ఏర్పాటులో నాకు నచ్చనిది లేకపోలేదు. సంగీతం రకం ఏదో చెప్పడానికి 80 పేర్ల జాబితా యిచ్చారు. రాకు పదిరకాలు వున్నాయి గాని, కర్ణాటక సంగీతం లేదు. మన త్యాగయ్యగారిని "ఎత్నిక్" అనే గదిలో కూర్చోబెట్టాలట. నేను కూర్చోబెట్టలేదు.

చివరికి నా పట్టిక నేనే గీసుకున్నాను. బీఏలో చరిత్ర చదివినదాన్ని, నాకెందుకొస్తుందని భయపడ్డాను గాని, ఇంటిఖర్చు పుస్తకం రాసినవాళ్లకి ఇది కష్టం కాదు. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే గణితం ఆయన చెప్పిన సూత్రం మీద ఇవాళ్టి డేటాబేసులు చాలా మట్టుకు నడుస్తున్నాయి. సూత్రం ఇంతే: ఒక సంగతి ఒక్కచోటే రాయి, తక్కినచోట్ల దాని నెంబరు వేసుకో. పోపులపెట్టెలో ఆవాలు ఒకే గిన్నెలో వుంటాయి. పప్పుకీ, పచ్చడికీ, పులిహోరకీ అక్కణ్ణించే తీస్తాం. కూరకొక ఆవాల డబ్బా పెట్టుకోం గదా. నేను మొదట పెట్టుకున్నాను. ఒక్కటే పెద్ద పట్టిక గీసి, ప్రతి పాట పక్కనా రాగం పేరు మళ్లీ మళ్లీ టైపు చేశాను. ఒకచోట కల్యాణి అని రాశాను, ఒకచోట కళ్యాణి అని రాశాను. కల్యాణి అని వెతికితే సగం రాలేదు. మోహన, మోహనం, అదీ అంతే. ఆ పాఠం అయ్యాక రాగాలకి ఒక పట్టిక, గాయకులకి ఒకటి, పాటలకి ఒకటి వేరువేరుగా పెట్టాను. రాగాల పట్టికలో మేళం నెంబరు వేశాను, కటపయాదికి దణ్ణం పెట్టుకుని. ఇప్పుడు 29వ మేళంలో పుట్టిన రాగాల్లో ఆడవాళ్లు పాడినవి చూపించు అంటే, పూరీ వేగేలోపు వరసగా వస్తాయి.

అన్నీ వస్తున్నాయి, ఆ పదకొండు తప్ప.

మా అబ్బాయి చెప్పిన కిటుకు విన్నాక నాకు చాలాసేపు మాట రాలేదు. గాయకుల గడిలో నేను పేరు రాయకుండా వదిలేసిన పాటలవి. ఖాళీ గడిని కంప్యూటరు సున్నా అనుకోదు, లేదు అనుకోదు. "తెలియదు" అనుకుంటుంది. బాలమురళిగారు పాడినవి చూపించు అంటే, ఈ పాట ఆయన పాడారో లేదో తెలియదు కనక చూపించదు. బాలమురళిగారు కానివాళ్లు పాడినవి అంటే, ఏమో, ఆయనే పాడారేమో, అదీ తెలియదు, కనక అప్పుడూ చూపించదు. అవునన్న వాళ్లలోనూ లేరు, కాదన్న వాళ్లలోనూ లేరు. పేరు లేనివాళ్లు ఏ లెక్కలోకీ రారు. కంప్యూటరు చేసింది తప్పేం కాదు, న్యాయమే. అదే నాకు కష్టంగా తోచింది.

ఆ పదకొండు పాటలూ ఒకే క్యాసెట్టులోవి. 1986లో మా యింట్లో ఎవరి పెళ్లికో పట్టారు. ఒక పక్క ఆరు, ఒక పక్క అయిదు. లక్ష్మణదేవర నవ్వు వుంది, ఊర్మిళాదేవి నిద్ర కొంత వుంది, రెండు లాలిపాటలు, తక్కినవి మంగళహారతులు. వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లాడి ఏడుపు. పాడింది మా రాజమండ్రి మామ్మ. గొంతు వినగానే గుర్తుపట్టాను. మరి ఆ గడిలో ఏమని రాయను? "రాజమండ్రి మామ్మ" అని రాశాను మొదట. డల్లాస్‌లో వున్న మా పిన్ని కూతురు ఈ పట్టిక చూసి, "అదేమిటే, మా రాజమండ్రి మామ్మ వేరు గదా" అంది. నిజమే. దాని రాజమండ్రి మామ్మ దాని నాయనమ్మ. పేరు చెరిపేశాను.

స్త్రీల పాటల్లో చాలావాటికి కట్టినవాళ్ల ముద్ర వుండదు. పది నోళ్లు, పది వంటిళ్లు దాటి వచ్చినవాటికి ఎవరి పేరని పెడతారు? కట్టిన ఆడదాని పేరు ఎలాగూ దొరకదు, కనీసం పాడిన ఆవిడ పేరన్నా రాయొద్దూ అని పంతం పట్టాను. పెదనాన్నగారికి ఫోను చేశాను. "పేరా? మేం పిన్ని అనేవాళ్లమమ్మా" అన్నారు. అత్తయ్యనడిగితే "మాకు వదిన" అంది. ఆవిడ మొగుడు, ఆ పెద్దాయన, ఎన్నడూ పేరు పెట్టి పిలిచినవాడు కాదట. ఏమే అంటే ఆవిడ, ఒసే అంటే పనిమనిషి. పిల్లలు లేరు. ఎనభై ఏళ్లు బతికి, ఇంటినిండా పిలుపులతో, పేరు లేకుండా వెళ్లిపోయింది. నాలుగు నెలలు నా పట్టికలో ఆవిడ 38వ నెంబరు మనిషి. పాట వినిపిస్తే పేరు చెప్పే యంత్రాలు ఫోన్లలో వున్నాయి గదా, అది కూడా చేసి చూశాను. ముందే దాని డేటాబేసులో వున్న పాటనే అది గుర్తుపడుతుంది. మా మామ్మని ఎవరు ఎక్కించారు గనక?

చివరికి పెదనాన్నగారి కోడలు, మా వదిన, ఫోను చేసింది. వాళ్ల అటక మీద మామ్మ పుట్టింటి నించి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం వుందట. చింతపండు పెట్టి తోమితే అంచు కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయిట. పెళ్లిసామాను మీద పేరు చెక్కించడం మన ఇళ్లలో ఆనవాయితీ గదా. పక్కింటి గిన్నెల్లో కలిసిపోకుండా. ఫొటో తీసి పంపింది. ఇంటిపేరు మొదటి అక్షరం, పక్కన మూడక్షరాల పేరు, కింద 1951.

ఆ పేరు ఇక్కడ రాయను. పత్రికలో తన పేరు పడటం ఆవిడకి ఇష్టమో కాదో అడగడానికి ఆవిడ లేదు. మా పట్టికలో మాత్రం రాశాను, తెలుగులో, గంగాళం మీద వున్న వరసలోనే.

తరవాత మళ్లీ అడిగాను. బాలమురళిగారు పాడినవి 97. కానివాళ్లు పాడినవి 515. కాగితం మీద కూడి చూసుకున్నాను. సరిపోయింది. గంగాళం పంపించమంటావా అని అడిగింది వదిన. వద్దన్నాను. అందులో ఆవిడ బియ్యం పోసుకుంటోందిట.